బాదుషాకు జత

జిలేబి చచ్చిపోయిన పొద్దున మా ఆయన ముబారక్ చేసిన మొదటి పని దాన్ని దాచిపెట్టడం. నమాజుకు లేచినప్పుడు చూశాడట. పెట్టెలో గడ్డి మీద పక్కకు ఒరిగి, కాళ్ళు చాపుకుని బిగుసుకుపోయి ఉందట. దాని తోడుది, బాదుషా, అట్టడబ్బాలో దూరి ఇంకా నిద్రలోనే ఉంది. ఆయన జిలేబిని పాత తువ్వాలులో చుట్టి, పెరట్లో దానిమ్మ చెట్టు కింద పూడ్చేసి, చేతులు కడుక్కుని వచ్చి నన్ను లేపాడు.

"జిలేబి పోయింది. అమ్మకు చెప్పాకు. డాక్టరు దెగ్గిర పెట్టుకున్నాడని చెప్పు."

నిద్రకళ్ళతోనే నాకు ఒళ్ళు మండింది. గుప్పెడు ప్రాణి చావును కూడా దాచాలా? "దాచేదానికి ఈ ఇంట్లో ఇంక చోటు లేదు" అన్నాను. ఆయన వినిపించుకోలేదు. మండీకి టమోటా బండ్లు వచ్చే వేళయిందని చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. అబద్ధం చెప్పాలని తీర్మానించేది ఆయన. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని దాన్ని మోసేది నేను.

అంతకు ముందు మేము దాచిన చావు మా అమ్మది.

మా అమ్మ ఖైసర్ కుప్పంలో ఉండేది. మదనపల్లెలో మా అత్తగారు మహమూదా ఆమెకు సొంత అక్క. అంటే నాకు పెద్దమ్మే అత్త అయింది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నేను "ఖాలా" అనే పిలుస్తాను. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోజూ ఫోన్లో ఒకరినొకరు తిట్టుకోకపోతే అన్నం సహించని మనుషులు. పోయినేడు ఖాలాకు గుండెపోటు వచ్చింది, వెంబడే ఎడమ కాలు పడిపోయింది. "ఇంకొక దెబ్బ తగిలితే ఆ గుండె తట్టుకోలేదు, ఏ కబురైనా ఆలోచించి చెప్పండి" అని డాక్టరు ముబారక్‌తో అన్నాడు. ఆ మాటను మా ఆయన తాయెత్తులా మెడలో కట్టుకున్నాడు. బక్రీదు అయిన వారానికి మా అమ్మ వాకిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. ఆ కబురు కుప్పం దాటి రాకూడదని ఆయన పట్టుపట్టాడు. తన తల్లి కూడా పోతుందేమోనని ఆయన భయం. ఆ భయం నిజమైనదే కాబట్టి నేను నోరు మూసుకున్నాను.

అమ్మకు జ్వరమని చెప్పి కుప్పం వెళ్ళాను. ఆమెకు నా చేతులతో ఆఖరి స్నానం చేయించి, మర్నాడు తిరిగి వచ్చి, ఖాలాకు టీ పెట్టి ఇచ్చాను. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన పుంగనూరులో అమ్మ తమ్ముడు, మా మామూ ఇంట్లో జరిగింది. ఖాలాతో ఎవరిదో పెళ్ళికి పోతున్నామని చెప్పాం. పెళ్ళన్నాక మంచి చీర కట్టాలి కదా. మా అమ్మ ఫాతెహాకు నేను జరీ చీర కట్టుకుని పోయాను. గడప దాటబోతుంటే ఖాలా వెనక్కి పిలిచి, నా మెడ బోసిగా ఉందని తన గొలుసు తీసి వేసింది.

ఫోన్ సంగతికి కూడా ముబారక్ ఒక దారి కనిపెట్టాడు. "ఖైసర్ ఖాలా ఫోను పాడైంది. మాట పోదు. వాయిస్ మెసేజీలు మాత్రం వస్తాయి" అని తల్లికి చెప్పాడు. ఆమెకు ఫోన్ల గురించి తెలిసింది తక్కువ. అమ్మ బతికుండగా పంపిన పాత మెసేజీలు నా ఫోన్లో బోలెడున్నాయి. వాటిలో అప్పుడొకటి ఇప్పుడొకటి ఏరి ఖాలాకు వినిపించేవాడు. ఖాలా మంచం మీద కూర్చుని తల ఊపుతూ, నవ్వుతూ వినేది. "దీని నోరు పడ, యెప్పుడూ చెప్పిందే చెప్తాది" అని విసుక్కునేది కూడా. ఆ వేళకు నేను వంటింట్లోకి పోయి మిక్సీ వేసేదాన్ని. మిక్సీ మోతలో ఏడిస్తే బయటికి వినపడదు. ఆ రోజుల్లో మా ఇంట్లో చట్నీలు గంధం తీసినంత మెత్తగా ఉండేవి.

జిలేబినీ బాదుషానూ ఈ ఇంటికి తెచ్చింది కూడా అమ్మే. ఖాలా ఆస్పత్రి నుంచి వచ్చి, కదలని కాలు చూసుకుని ఏడుస్తున్న రోజుల్లో, కుప్పం నుంచి బస్సులో బుట్ట ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. అమ్మ ఇంటి పక్క వెంకటస్వామి అనే ఆయన లవ్ బర్డ్స్, కుందేళ్ళు, ఇవీ పెంచి అమ్ముతాడు. రెండూ ఆడవే. తోక లేదు, పొట్టి చెవులు, జిలేబి తేనె రంగు, బాదుషా తెలుపూ గోధుమా కలిసిన మచ్చలది. మా కూతురు యాస్మిన్ కాలేజీలో అడిగి వచ్చి "వీటిని గినీ పి..." అని మొదలుపెట్టగానే నేను దాని నోరు మూశాను. పందికీ వాటికీ ఏ చుట్టరికమూ లేదు, ఎలుకల జాతివి, నాకూ తెలుసు. అయినా ఆ రెండో మాట ఖాలా చెవిన పడితే రెండింటినీ తిరుగు బస్సు ఎక్కించేస్తుంది. అందుకని మా ఇంట్లో అవి సీమ కుందేళ్ళు అయ్యాయి. ముబారక్ టమోటా బాక్సులు రెండు కలిపి పెట్టె చేశాడు. ఒక్కొక్క కాడే కొత్తిమీర తినిపిస్తూ ఖాలా తన కాలు సంగతి మరిచిపోయింది. కొత్తిమీర కవరు చప్పుడైతే చాలు, రెండూ పోటీ పడి ఈల వేసేవి. వీధి చివరికి వినపడేది.

జిలేబి పోయాక ఆ ఈల ఆగిపోయింది.

బాదుషా పెట్టె నాలుగు మూలలూ తిరిగింది. అట్టడబ్బాను తలతో ఎత్తి కింద చూసింది. గడ్డిలో దూరి అవతల తేలి, మళ్ళీ దూరింది. సన్నగా గుర్రుమంటూ పిలిచి, ఆగి, జవాబు కోసం విని, మళ్ళీ పిలిచింది. కొత్తిమీర పెడితే వాసన చూసి వదిలేసింది. ఖాలా మంచం మీది నుంచి మధ్యాహ్నం దాకా చూస్తూనే ఉంది. ఆ తర్వాత నన్ను పిలిచింది.

"జిలేబి డాక్టరు దెగ్గిర ఉండాదంటివే. యే డాక్టరమ్మా?"

"పశువుల డాక్టరు ఖాలా."

"ఈడ నా మొగం సూసి చెప్పు."

నేను చూడలేదు.

"అది చచ్చిపోయినాది కదా?"

"అవును ఖాలా."

"పూడ్సేటప్పుడు బాదుషాకు సూపించినారా?"

"లేదు."

"యాల సూపించలేదు? మా నాయన మేకల్ని సాకేటప్పుడు, పిల్ల చచ్చిపోతే తెచ్చి తల్లి ముందర పెట్టేవాడు. అది వాసన సూసుకోని, కాసేపు అరిసి, మళ్ళా మేతకు పొయ్యేది. దొంగసాటుగా తీసేస్తే దానికేం తెలుస్తాది? యాడికో పోయిందనుకుంటాది. వస్తాదని సూస్తా కూసుంటాది. అట్ల సూస్తానే సచ్చిపోతాది." ఆమె కోపంగా నా వైపు వేలు చూపింది. "మీకు దాని ఉసురు తగలకుండా పోదు."

నేను అక్కడ నిలబడలేకపోయాను. వంటింట్లోకి పోయి మిక్సీ పెట్టాను. అందులో ఏమీ వేయలేదని తర్వాత చూసుకున్నాను.

ముబారక్ ఇంటికి రాగానే చెప్పాను. "చూడు, జిలేబి సంగతి మీయమ్మకు తెలిసింది. గుండెకేం కాలేదు. నాలుగు తిట్లు తిట్టింది, అంతే. మా అమ్మ సంగతి కూడా చెప్పేద్దాం."

"కుందేలూ చెల్లెలూ ఒకటేనా షాహిదా? దసరా అయినాక మళ్ళా పెద్ద డాక్టరుకు సూపించి, ఆయన సరే అంటే చెప్తాం."

దసరా తర్వాత దీపావళి వస్తుంది, దాని తర్వాత సంవత్సరమే మారుతుంది. మా ఆయన వాయిదా వేయడంలో ఆరితేరిన మనిషి. నేను ఆయనకు అన్నం పెట్టాను. కూరలో ఉప్పు వేయలేదని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు బాదుషాను బుట్టలో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి పోయాను. ముందు వరుసలో ఒక బర్రె, దాని వెనక తంబళ్లపల్లె నుంచి ఆటోలో వచ్చిన గొర్రెలు, వాటి వెనక నేను. అక్కడి డాక్టరమ్మ భవ్య చిన్న వయసుది. నవ్వకుండా, బర్రెను చూసినంత శ్రద్ధగానే బాదుషా పళ్ళూ పొట్టా చూసింది.

"జబ్బేం లేదమ్మా. దిగులు. కానీ ఇవి మేత మానేస్తే కడుపు పనిచెయ్యడం ఆగిపోతాది, ప్రాణం మీదికి వస్తాది. గడ్డి మెత్తగా నూరి నీళ్ళలో కలిపి, సూది తీసేసిన సిరంజీతో పెట్టండి. దవడ పక్క నుంచి, కొంచెం కొంచెంగా. జామకాయ ముక్క, కాప్సికం ముక్క పెట్టండి. దాని తోడుది పడుకున్న గుడ్డ ఉంటే అప్పుడే ఉతకొద్దు, ఆ వాసన ఉండనీండి. రోజూ తూకం చూడండి."

"అది చేస్తే తేరుకుంటాదా?"

"ఇవి ఒంటిగా బతికే జీవాలు కాదమ్మా. ఇంకొకదాన్ని తెచ్చి జత చెయ్యాల. అంతవరకూ ఎవరో ఒకరు పక్కన కూర్చోండి."

పక్కన కూర్చునే పని ఖాలా తీసుకుంది. మంచం పక్కకు పెట్టె జరిపించుకుంది. యాస్మిన్ గడ్డి నూరితే, నేను బాదుషాను తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, ఖాలా సిరంజీ పట్టేది. బిస్మిల్లా అని ఒక చుక్క, "తిను ముండా" అని ఇంకొక చుక్క. సగం గడ్డంలోంచి కారిపోయేది. మిగిలిన సగం మింగితే ఖాలా నా వైపు విజయం సాధించినట్టు చూసేది. కూరగాయల తక్కెడలో తూచేవాళ్ళం. తూకం తగ్గుతూనే ఉంది. ఖాలా బాదుషాను ఒళ్ళో పెట్టుకుని, వీపు నిమురుతూ, జిలేబి గురించి దానితో మాట్లాడేది. "నీకు సూపించలేదమ్మా వాళ్ళు. నేనుంటే సూపించేదాన్ని" అనేది. నేను ఆ గదిలో ఊడ్చడం మానేశాను. యాస్మిన్ ఊడ్చేది.

ఒకరోజు నన్ను ఫోన్ పట్టుకు రమ్మంది.

"ఖైసర్‌కు నేను చెప్తా. ఆ బటను నొక్కు." నొక్కాను. ఖాలా ఫోనుకు మరీ దగ్గరగా వంగి, కుప్పం దాకా వినపడాలన్నట్టు అరిచింది. "ఖైసరూ! మన జిలేబి పోయినాది. బాదుషా ఒకటే అయిపోయి తిండి మానేసినాది. వెంకటస్వామిని అడిగి ఇంకొక ఆడదాన్ని యెత్తిపెట్టు. బస్సులో నువ్వే తీసుకోని రా. శానా దినాలాయె నిన్ను సూసి."

పంపాను. మా అమ్మ ఫోను పుంగనూరులో మా మామూ ఖాజా మొహిద్దీన్ బీరువాలో, ఆఫ్ అయి ఉంది. మెసేజీ కింద ఒక్కటే టిక్కు పడింది. ఖాలా ఆ టిక్కు అర్థం తెలియక, "పోయిందా?" అని అడిగింది. పోయింది ఖాలా అన్నాను.

పూటపూటకూ జవాబు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. చివరికి విసిగిపోయి, "అది బదులు చెప్పకుంటే పోనీ. కారు పిలిపించండి, నేనే కుప్పం పోతా. బాదుషా నా చేతిలో సచ్చిపోయేదాకా మీ ఫోను కోసం కూసోను" అంది. ముబారక్ ముఖం పాలిపోయింది. కుప్పం పోతే తాళం వేసిన ఇల్లు కనపడుతుంది. ఆ శుక్రవారం జుమా నమాజు నుంచి వస్తూనే నా ఫోన్ అడిగి తీసుకుని, వరండాలో నిలబడి, పాత మెసేజీలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. వెతకగా ఏదో దొరికినట్టుంది. ఇంతలో మండీ నుంచి ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడి, లోపలికి వచ్చి, "అమ్మా, ఖైసర్ ఖాలా బదులు పంపింది" అని తల్లి మోకాలి మీద ఫోన్ పెట్టాడు.

నేను వంటింట్లో కొత్తిమీర కడుగుతున్నాను. మిక్సీ దాకా పోకముందే, అక్కను ఎప్పటిలా ఆపా అని పిలుస్తూ అమ్మ గొంతు వచ్చేసింది.

"ఆపా, యేడ్సాకు. నువ్వేడిస్తే నాకు ఈడ ముద్ద దిగదు. పోయినదాన్నే తలుసుకుంటా కూసుంటే యేమొస్తాది చెప్పు..."

ఆ మెసేజీ నాకు కంఠతా వచ్చు. ఖాలా కాలు పోయిందని ఏడుస్తున్నప్పుడు అమ్మ పంపినది. పోయినదంటే కాలు. తర్వాత ఏ మాట వస్తుందో కూడా నాకు తెలుసు. తడి చేతులతోనే పరుగెత్తాను. ముబారక్ ఆ తర్వాత మాట వినలేదని ఆయన ముఖంలోనే తెలుస్తోంది, హాయిగా నవ్వుతున్నాడు. నేను ఫోన్ అందుకునేలోగా అమ్మ అనేసింది.

"...జిలేబిని ఒళ్ళో పెట్టుకో ఆపా. దానికి నీ ఒళ్ళంటే శానా ఇష్టం. అది ఉండంగా నీకేం దిగులు?"

ఖాలా ఒళ్ళో బాదుషా ఉంది. ఆమె చేయి దాని వీపు మీద ఆగిపోయింది.

"ఖైసర్ ఖాలాకు వయసైపోయినాది కదమ్మా, మరిచిపోయి చెప్పినట్టుండాది" అన్నాడు ముబారక్.

"నా చెల్లెలు మరిచిపోదు." ఖాలా ఆయన వైపు చూడలేదు. నా తడి చేతుల వైపు చూస్తోంది. "షాహిదా. యెప్పుడు?"

ముబారక్ నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన మాట నేను నలుగురిలో కాదనలేదు. ఆ రోజు కాదన్నాను.

"బక్రీదు అయిన వారానికి ఖాలా."

ఆమె ఎడమ చేత్తో రొమ్ము పట్టుకుంది. ముబారక్ మాత్రల డబ్బా తెస్తే తోసేసింది. కాసేపు ఊపిరి గట్టిగా పీల్చి వదిలింది. నేను, ఆయన, యాస్మిన్ ఆ ఊపిరినే చూస్తూ నిలబడ్డాం. అది ఆగలేదు. ఆమె బాదుషాను యాస్మిన్‌కు అందించి, నన్ను మంచం మీద కూర్చోమంది.

"స్నానం యెవురు చేపించినారు?"

"నేనే ఖాలా."

"కర్పూరం పెట్టినారా?"

"పెట్టినాం."

"మొగం యెట్లుండింది?"

"నోరు కొంచెం తెరుసుకోని ఉండింది. ఏదో అడగబోయి ఆగినట్ల. నేనే గడ్డం కింద గుడ్డ కట్టి మూసినా."

ఖాలా తల ఊపింది. "నన్ను అడగబోయింటాది. యాడుండాదో నా అక్క అని. తలకాడికి రాలేదనుకోని పోయింటాది."

"లేదు ఖాలా. ఒక్క నిమిషంలో పోయింది."

"నాకు మొగం సూపించలేదే" అంది. ఆ మాట నాతో అనలేదు, ముబారక్‌తోనూ అనలేదు. కాసేపటికి నా వైపు తిరిగింది. "నువ్వు ఆ మర్నాడు వచ్చి నాకు టీ పెట్టిస్తివి. చక్కెర యెక్కువైనాదని తిట్టినా నిన్ను. నీయమ్మను మన్నులో పెట్టి వచ్చినదాన్ని టీకి తిట్టినా. దాని ఫాతెహాకు నీకు గొలుసేసి పంపితి, పెళ్ళికని! యా అల్లా, యెంత పాపం చేపిస్తిరి నా చేత."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళూ అందుకోసమే కదా ఎదురు చూశాను. రాలేదు. ఖాలా అది కనిపెట్టినట్టుంది, నా తల తీసుకుని తన భుజానికి ఆనించుకుంది. తనే ఏడ్చింది. మా అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంట్లో పైకి వినపడిన మొదటి ఏడుపు అదే. వీధిలో వాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎప్పుడో పోయిన మనిషికి ఇప్పుడెందుకు ఏడుస్తున్నారని వాళ్ళు మెల్లగా అడుగుతుంటే, యాస్మిన్ సిగ్గుతో తల వంచుకుని చెప్పింది.

ఆ తర్వాత ఖాలా కొడుకుతో మాట్లాడలేదు. ఆయన టీ తెస్తే తాగదు, మాత్ర ఇస్తే నా చేతికి ఇప్పించుకుని మింగుతుంది. ఆయన మంచం కాళ్ళ దగ్గర కూర్చుని, "నువ్వు కూడా పోతావని భయపడినానమ్మా" అని ఎన్నిసార్లు అన్నా ఆమె గోడ వైపు తిరిగేది. బాదుషాకు మాత్రం వేళకు సిరంజీ పట్టడం మానలేదు. అది ఇంకా ఉంది, బరువు లేకుండా, వెంట్రుకలు రేగిపోయి, ఉందంటే ఉంది. ఆదివారం పొద్దున ఖాలా యాస్మిన్‌తో, "మీ నాయనకు చెప్పు, కుప్పం పోదాం. దీన్నీ యెత్తుకుంటాం" అంది.

కారు పుంగనూరులో ఆపి మా మామూను ఎక్కించుకున్నాం. ఖాజా మొహిద్దీన్ ఆ అక్కాచెల్లెళ్ళకు ఒక్కడే తమ్ముడు, బట్టల దుకాణం ఉంది. శ్రావణంలో మా ఇంటికి వచ్చి, "ఖైసర్ ఆపాతో నిన్న మాట్లాడినా, బాగుండాది" అని గోడ గడియారంతో చెప్పి పోయిన మనిషి. ఆయన ముందు సీట్లో కూర్చోగానే వెనక నుంచి ఖాలా అడిగింది.

"ఏం ఖాజా, నిన్న కూడా మాట్లాడినావా నా చెల్లెలితో?"

మామూ భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పలమనేరు దాటి, వి.కోట దాటి, కుప్పం వచ్చేదాకా దాన్ని తీయలేదు.

అమ్మ ఇంటికి తాళం ఉంది. మేము ఆ పక్క వాకిట్లోకే పోయాం. వెంకటస్వామి, ఆయన భార్య మంగమ్మ కుర్చీ వేసి ఖాలాను కూర్చోబెట్టారు. మంగమ్మ ఆమె చేతులు పట్టుకుని, "నువ్వు రాలేదని మేమంతా అనుకున్నాం అక్కా. అంత కట్టె మనసా అనుకుంటిమి. తెలవదని మాకు తెలవదు" అంది. ఖాలా ఆ మాట విని కళ్ళు మూసుకుంది. కారు దగ్గర నిలబడిన ముబారక్ కూడా విన్నాడు.

వెంకటస్వామి ఒక చిన్న నల్ల పిల్లను తెచ్చాడు. "ఇదీ ఆడదేనమ్మా. రెండింటికీ తెలవని చోట వదలాల. యెవురి ఇల్లూ కాకుంటే కొట్లాడుకోవు." అరుగు మీద తడక చుట్టి, మధ్యలో పచ్చగడ్డి పోసి, రెండింటినీ వదిలాడు. బాదుషా మూలకు పోయి ముడుచుకుంది. నల్లది దగ్గరికి వస్తే పళ్ళు కొరికి వెనక్కి తరిమింది. పిల్లకు సిగ్గూ భయమూ లేవు, పోయి గడ్డి నమలసాగింది. చాలాసేపటికి బాదుషా కదిలింది. నల్లదాని చెవి వాసన చూసింది, వీపు వాసన చూసింది. అది జిలేబి కాదని తెలిసినట్టు పక్కకు తిరిగి కూర్చుంది. ఆ పక్కకు తిరిగినచోటే ఒక గడ్డిపరక అందుకుని, మెల్లగా, తనంతట తాను నమిలింది.

"ఇప్పటికి ఇది చాలు" అన్నాడు వెంకటస్వామి. "సరిపోతాయో లేదో కొన్నాళ్ళు పోతే గానీ చెప్పలేం. మీరు పని చూసుకోని రాండి, నేను చూస్తాంటా." యాస్మిన్ తడక దగ్గరే ఉండిపోయింది. మిగిలినవాళ్ళం అమ్మను పూడ్చిన ఖబరస్తాన్‌కు పోయాం.

మేము ఆడవాళ్ళం ఖబరస్తాన్ లోపలికి పోము. అమ్మను తీసుకెళ్ళిన రోజు నేను ఇంటి గడప దగ్గరే ఆగిపోయాను. ఆమెను ఏ మూల పెట్టారో నాకూ తెలియదు. ముబారక్ గోడ పక్కన కారు ఆపించాడు. ఆ గోడ నా తలకంటే ఎత్తుంది. మామూ గేటులోంచి లోపలికి పోయాడు. ఖాలా కారు కిటికీలోంచి చూసింది. ఆమెకు గోడే కనపడింది.

"ముబారక్" అంది. శుక్రవారం తర్వాత కొడుకును పిలవడం అదే మొదలు. "నన్నెత్తు."

మండీలో బాక్సులు మోసిన చేతులు ఆయనవి. తల్లిని సీట్లోంచి రెండు చేతులతో తీసి, గోడ దగ్గరికి నడిచి, భుజం మీదికి లేపాడు. ఆమె గోడ అంచు పట్టుకుంది. చాలాసేపు చూసింది. దించమని ఆమె అనలేదు. ఆయనా దించలేదు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

"షాహిదా, యాడుండావు?"

"ఈడే ఖాలా, నీ కిందే."

"నీకేమన్నా కనపడతాండాదా?"

"గోడే కనపడతాండాది."

"అట్లయితే నేను చెప్తా, విను. వేపచెట్టుకు ఇవతల పెట్టినారు. ఖాజా ఆడ నిలబడి ఉండాడు. నీడ బాగా పడతాండాది. వానకు మన్ను కొంచెం కుంగినాది. తలకాడ రాయి వంకరగా నాటినారు, ఖాజాతో సరిచేపిస్తా. మీదంతా గరిక మొలిచినాది, పచ్చగా ఉండాది. పక్కన ఇంకెవురూ లేరు. ఒకటే ఉండాది నీయమ్మ..."

నేను గోడకు నుదురు ఆనించి నిలబడ్డాను. గోడ ఎండకు కాగి ఉంది.

"ఇంకా చెప్పు ఖాలా. ఏదీ వదలకుండా చెప్పు."

"అంతా చెప్తా. నువ్వు యేడుస్తా విను."

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను మా అమ్మ కోసం గట్టిగా ఏడ్చాను.